సింగరేణి రాయిలో ఆకు, దాని కింద మంచు

మీ ప్రశ్నను ముందు మళ్లీ చెబుతాను, తరువాత చదివేవారికి అయోమయం లేకుండా. కొత్తగూడెం గనిలో పనిచేసి పదవీ విరమణ చేసిన మీ మేనమామ గారు మీకు ఒక రాతి పలక ఇచ్చారు. దాని మీద అరచేయంత ఆకు ముద్ర ఉంది. బొగ్గంతా కార్బోనిఫెరస్ యుగంలో ఏర్పడిందని చదివారు కాబట్టి ఈ ఆకు కూడా ఆ కాలానిదేనా అని అడిగారు. ఆ యుగపు అడవులు ఒక్కసారిగా కూలిపోయాయన్న మాట నిజమేనా, అసలు ఆకుల ముద్రలు చూసి అప్పటి వాతావరణం మారిందని ఎలా చెబుతారు అని కూడా అడిగారు.

హైదరాబాదులో ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు భూగర్భశాస్త్రం చెప్పాను. మొదటి ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, కాదు. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర గుర్తించిన బొగ్గు, 1889 నుంచి మనం తవ్వుతున్న బొగ్గు, కార్బోనిఫెరస్ తరువాత వచ్చిన పెర్మియన్ యుగానిది. కార్బోనిఫెరస్ అంటే సుమారు 35.9 కోట్ల ఏళ్ల నుంచి 29.9 కోట్ల ఏళ్ల క్రితం వరకు. పెర్మియన్ అక్కడ మొదలై 25.2 కోట్ల ఏళ్ల దగ్గర ముగుస్తుంది. 1822లో ఆ మొదటి యుగానికి పేరు పెట్టిన కోనీబేర్, ఫిలిప్స్ అనే ఇద్దరు ఇంగ్లండు బొగ్గును చూసి పేరు పెట్టారు. వాళ్లు ఇల్లందు చూడలేదు. ఆ పేరులో బొగ్గు ఉంది కాబట్టి ప్రపంచంలోని బొగ్గంతా అప్పటిదే అనుకోవడం అప్పటి నుంచి పాఠ్యపుస్తకాలకు అలవాటైపోయింది. సింగరేణి గని బొమ్మ పక్కన యూరప్ చిత్తడి అడవి బొమ్మ వేసిన పుస్తకాన్ని నేనే ఒక పాఠశాలలో చూశాను. మాస్టారుకు చెబితే, పరీక్షలో అలా రాస్తేనే మార్కులు వస్తాయన్నారు.

ఇక రెండో ప్రశ్న. దానికి ముందు ఆ అడవి ఎలాంటిదో కొంచెం చూడాలి.

ఆ కాలంలో నేటి యూరప్, ఉత్తర అమెరికా భూమధ్యరేఖ మీద ఉండేవి. రెండు ఖండాలు గుద్దుకుని పర్వతాలు లేస్తుంటే, వాటి పాదాల దగ్గర నేల నెమ్మదిగా కుంగుతూ విశాలమైన చిత్తడి మైదానాలు ఏర్పడ్డాయి. అక్కడ పెరిగిన చెట్లలో పెద్దది లెపిడోడెండ్రాన్. ముప్పై మీటర్లకు పైగా పెరిగేది, అంటే పదంతస్తుల అపార్టుమెంటంత. కానీ దాన్ని మన చెట్లతో పోల్చకండి. దానికి చేవ లేదు. బోదె మధ్యలో సన్నని దారువు, చుట్టూ అంతా బెరడే. జీవితంలో ఎక్కువ కాలం కొమ్మలు లేని స్తంభంలా నిలబడి, చివర్లో తల విప్పి, సిద్ధబీజాలు రాల్చి చచ్చిపోయేది. రాలిన ఆకుల గుర్తులు బోదె నిండా వజ్రాల ఆకారంలో వరుసలు తీరి ఉంటాయి. మొదటిసారి చూసినవారు పాము చర్మం అనుకుంటారు, మొసలి అనుకున్నవారూ ఉన్నారు.

దాని బంధువులు ఇంకా బతికే ఉన్నాయి, ఎంత చిన్నవైపోయాయంటే పక్కన నడిచి వెళ్లినా పట్టించుకోము. వానాకాలంలో దక్కను పీఠభూమి మీద నీటి మడుగుల్లో గడ్డిలా మొలిచే ఐసోయిటిస్ దానికి చాలా దగ్గరి చుట్టం. జాతరల్లో సంజీవని అని ఎండు ముద్దలు అమ్ముతారే, నీళ్లలో వేస్తే విచ్చుకుని పచ్చబడేవి, ఆ సెలాజినెల్లా కూడా ఆ వంశానిదే. ముప్పై మీటర్ల మహావృక్షం వారసత్వం పది రూపాయల ముద్దలో ఉందని చెబితే పిల్లలు నన్ను నమ్మేవారు కాదు.

దాని పక్కన అదే వర్గానికి చెందిన సిజిల్లేరియా అనే మరో రకం, వెదురులా కణుపులున్న కలమైటిస్, ఫెర్న్ ఆకులకు విత్తనాలు కాసే మెడుల్లోసా, చెట్టంత ఫెర్న్ అయిన సరోనియస్, కాస్త ఎత్తుగా ఆరిన నేలల్లో కార్డైటిస్ ఉండేవి. పేర్ల విషయంలో ఒక మాట. లెపిడోడెండ్రాన్ అనేది బోదె పేరు. దాని వేరుకు స్టిగ్మేరియా అని, శంకువుకు లెపిడోస్ట్రోబస్ అని వేరే పేర్లున్నాయి. అవి విడివిడిగా దొరికాయి, విడివిడిగా పేర్లు పెట్టారు. గుమ్మానికి కట్టిన మామిడాకు, మోండా మార్కెట్‌లో బంగినపల్లి, కట్టెల అడితిలో మామిడి దుంగ చూసి, చెట్టును ఎప్పుడూ చూడనివాడు మూడు పేర్లు పెట్టినట్టు. అందుకే శిలాజాల పట్టికలో ఇరవై పేర్లుంటే ఇరవై మొక్కలున్నాయని లెక్కపెట్టకూడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పుస్తకాల్లో కూడా దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు.

ఉస్మాన్‌సాగర్ అడుగున పేరుకుంటున్న మట్టి మరో ముప్పై కోట్ల ఏళ్లకు రాయి అవుతుందని అనుకోండి. ఆనాటి శాస్త్రవేత్త దాన్ని చీల్చి చూస్తే ఏం కనిపిస్తుంది? తుంగ, జమ్ము, గుర్రపుడెక్క, ఒడ్డున ఉన్న కొన్ని చెట్ల ఆకులు. బండల మీద మొలిచే సీతాఫలం, తుమ్మ ఎక్కడా కనిపించవు, ఎందుకంటే వాటి ఆకులు రాలిన చోటే ఎండి పొడి అయిపోయాయి. ఆయన తన పత్రంలో "హైదరాబాదు ఒక పెద్ద చిత్తడి నేల" అని రాస్తాడు. ఆయన అబద్ధం రాయలేదు. ఆయనకు ఊరి తడి మూల ఒక్కటే కనిపించింది. తరువాత ఎప్పుడో చెరువు ఎండి, గాలికి కొట్టుకొచ్చిన తుమ్మ ఆకులు ఆ బురదలో దొరికితే, "ఈ కాలంలో తుమ్మ కొత్తగా పుట్టింది" అని కూడా రాస్తాడు. తుమ్మ ఎప్పటి నుంచో గుట్ట మీద ఉంది. మారింది చెరువు.

కార్బోనిఫెరస్ శిలాజాలు చదివేటప్పుడు ప్రతి అడుగులో ఇది గుర్తుండాలి. బొగ్గు పొరలో ఉన్నది చిత్తడిలో మునిగిన చెట్లు. పొర పైకప్పులోని, బురద గట్టిపడి పలకలుగా మారిన రాయి అయిన షేల్‌లో ఉన్నది వరద బురద పూడ్చిన చెట్లు. గుట్టల మీద ఏమున్నాయో ఎక్కువగా ఊహే.

పైకప్పు సంగతి మీ మేనమామ గారికి నాకంటే బాగా తెలుస్తుంది. బొగ్గు తీసేశాక తల పైన మిగిలేది అప్పటి అడవి నేల, తలకిందులుగా. అమెరికాలోని ఇల్లినాయ్‌లో బొగ్గు గనుల్లో 1,000 హెక్టార్లకు పైగా విస్తరించిన అడవి అలా పైకప్పు నిండా కనిపించింది. డిమిచెల్, ఫాల్కన్ లాంగ్, వారి సహచరులు 2007లో ఆ వివరాలు ప్రచురించారు. భూకంపానికి నేల కుంగి, నీరు ముంచెత్తి, బురద కప్పేయడంతో అడవి ఉన్నచోటే నిలిచిపోయింది. వాళ్లు చేసిన పని చూడండి. గని సొరంగాల్లో తలలెత్తి నడుస్తూ, ఎక్కడ ఏ చెట్టు ఉందో గుర్తించుకుంటూ వెళ్లారు. ఒక చోట దొరికిన రాళ్ల గంపను బట్టి "అడవి ఇలా ఉండేది" అనడానికి, అడవి కింద కిలోమీటర్ల కొద్దీ నడిచి చూడటానికి ఎంతో తేడా ఉంది. మొక్కల సమూహం ఒకే చిత్తడిలో కూడా చోటును బట్టి మారుతుందని అక్కడ కళ్లారా తెలిసింది.

బొగ్గు పొరలోపలి మొక్కల గురించి మరో దారి ఉంది. బొగ్గుగా నలగకముందే, చిత్తడిలో పేరుకున్న మొక్కల మెత్తని పొర అయిన పీట్‌లోకి సున్నపు ఖనిజం చేరి గట్టిపడిన ముద్దలు కొన్ని గనుల్లో దొరుకుతాయి. వాటిని కోసి, పలచని ఆమ్లంలో ముంచి, అసిటేట్ అనే పలచని ప్లాస్టిక్ పొర అతికించి లాగితే కణాలతో సహా మొక్క ఆ పొర మీదకు వచ్చేస్తుంది. సూక్ష్మదర్శిని కింద వేరు అంచు చూస్తే నిన్న కోసిన వేరులా ఉంటుంది. అమెరికాలో టామ్ ఫిలిప్స్ జీవితమంతా ఈ ముద్దలను లెక్కపెట్టాడు. ఏ పొరలో లెపిడోడెండ్రాన్ వర్గం ఎంత, ఫెర్న్ ఎంత అని పొర తరువాత పొర పోల్చాడు. విసుగు పుట్టించే పని, కానీ రెండో ప్రశ్నకు జవాబులో సగం అందులో నుంచే వచ్చింది.

ఆ లెక్క చెప్పేది ఇది. సుమారు 30.7 కోట్ల ఏళ్ల దగ్గర, అమెరికా మధ్య ప్రాంతపు చిత్తడుల్లో లెపిడోడెండ్రాన్ వర్గం పెద్ద చెట్లు చాలావరకు కనుమరుగయ్యాయి. తరువాతి పొరల్లో సరోనియస్ ఫెర్న్ చెట్లదే రాజ్యం. సిజిల్లేరియా మాత్రం కొంత మిగిలింది. ఎందుకు ఇలా? ఆ వర్గంలో కొన్ని చెట్లు విత్తనం లాంటి గింజలను నిలువ నీటి మీద తేలేలా వదిలేవి. ఏడాదిలో కొన్ని నెలలు నీరు ఆరిపోతే వాటి వంశం అక్కడితో ఆగిపోతుంది. ఫెర్న్ చెట్టు అలా కాదు. ధూళిలాంటి సిద్ధబీజాలు లెక్కలేనన్ని వదులుతుంది, గాలికి ఎక్కడికైనా వెళ్తాయి, తడి దొరికిన చోట మొలుస్తాయి. బోదె కూడా చౌక నిర్మాణమే, చుట్టూ వేర్ల గుంపే దానికి స్తంభం. నీరు నిలకడ తప్పినప్పుడు ఎవరు గెలుస్తారో చెప్పడం కష్టం కాదు.

నీరు నిలకడ తప్పిందని ఎలా తెలుసు? దీనికి ఆకుల కంటే నేల మంచి సాక్షి. మే నెలలో వికారాబాదు వైపు నల్లరేగడి పొలంలో నిలబడి చూడండి. నెర్రెల్లో చేయి పెడితే మోచేతి దాకా దిగుతుంది. వానకు ఆ మట్టి ఉబ్బుతుంది, పెళ్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని మెరిసే నున్నని ముఖాలు ఏర్పడతాయి. అమెరికా బొగ్గు పొరల మధ్య ఉన్న కొన్ని ప్రాచీన నేలల్లో సరిగ్గా ఆ నెర్రెలు, ఆ నున్నని ముఖాలు, సున్నపు ముద్దలు రాయిగా మారి ఉన్నాయి. అంటే ఏడాదిలో కొంతకాలం వాన, కొంతకాలం మండే ఎండ. అలాంటి నేల మీదే మళ్లీ బొగ్గు పొర, దాని మీద సముద్రపు గవ్వలున్న సున్నపురాయి, మళ్లీ నేల. ఈ వరుస ఇల్లినాయ్, కాన్సస్‌లలో పదేపదే వస్తుంది. దక్షిణ ఖండాల మీద హిమఫలకాలు పెరిగితే సముద్రం పదుల మీటర్లు దిగేది, కరిగితే ఎక్కేది. భూమి కక్ష్యలో, వంపులో వచ్చే లయబద్ధమైన మార్పులే దానికి తాళం. ఒక బొగ్గు పొర ఆ తాళంలో ఒక్క దెబ్బ.

వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ లయలోనే పెరిగి తగ్గింది. ఆకుల మీది పత్రరంధ్రాలను, ప్రాచీన నేలల్లోని సున్నపు ముద్దలను కలిపి మోంటానెజ్ బృందం 2016లో వేసిన లెక్క ప్రకారం అది సుమారు 200 నుంచి 700 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఇన్ని) మధ్య ఊగింది.

మీరడిగిన 'కూలిపోవడం' అనే మాట 2010లో సాహ్నీ, బెంటన్, ఫాల్కన్ లాంగ్ రాసిన పత్రంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. మాట బాగుంది, అందుకే వ్యాపించింది. నా అభిప్రాయం ఏమిటంటే, ఆ మాట ఆధారాల కంటే ఒక అడుగు ముందుంది. అమెరికా మధ్య ప్రాంతంలో మార్పు నిజంగానే వేగంగా జరిగింది. కానీ అదే వర్గం చెట్లు నేటి చైనా ఉన్న భూభాగంలో పెర్మియన్‌లోనూ నిక్షేపంగా బతికాయి. ఇన్నర్ మంగోలియాలోని వుడా దగ్గర సుమారు 29.8 కోట్ల ఏళ్ల క్రితం అగ్నిపర్వతపు బూడిద ఒక అడవిని ఉన్నపళంగా కప్పేసింది. జున్ వాంగ్, ఫెఫర్‌కార్న్, వారి సహచరులు 2012లో దాన్ని చెట్టు చెట్టుగా పటం వేశారు. ఫెర్న్ చెట్ల పైన తలలెత్తిన సిజిల్లేరియాలు అందులో ఉన్నాయి. అమెరికాలో తడి మూల చిన్నదైపోయింది, చైనాలో ఇంకా మిగిలి ఉంది. తడి ఎక్కడ ఉంటే తడి మొక్కలు అక్కడ ఉన్నాయి. చెరువు ఎండిన ఊళ్లో తుంగ పోయిందని ప్రపంచంలో తుంగే పోయిందనలేము కదా.

అదే సమయంలో కోనిఫర్లు, అంటే పైన్ లాంటి శంకువులు కాసే చెట్లు, శిలాజాల్లో 'అకస్మాత్తుగా' ఎక్కువ కావడానికి కారణం కూడా ఇదే. అవి గుట్టల మీద ముందే ఉన్నాయి. నేల ఆరాక కిందికి దిగాయి.

మీరు అడగలేదు కానీ వీడియోల్లో తరచుగా వినిపించే ఒక కథను ఇక్కడే తేల్చేస్తాను. కట్టెను కుళ్లబెట్టే శిలీంధ్రాలు అప్పటికి పుట్టలేదట, అందుకే చెట్లు కుళ్లకుండా పేరుకుని బొగ్గయ్యాయట. కథకు ఒక మూలం ఉంది. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విరగ్గొట్టే తెల్ల కుళ్లు శిలీంధ్రాల వంశం సుమారు 29.5 కోట్ల ఏళ్ల నాటిదని 2012లో జన్యువుల ఆధారంగా ఒక బృందం లెక్క కట్టింది. అయితే నెల్సన్ బృందం 2016లో ఈ కథను కాదంది. లెపిడోడెండ్రాన్‌లో ఎక్కువ భాగం బెరడు, అందులో లిగ్నిన్ ప్రధానం కాదు. బొగ్గు పేరుకోవడానికి కావలసింది నిలువ నీరు, కుంగే నేల, రెండూ ఒకే చోట కలవడం. ఇంత దూరం వెళ్లనక్కర లేదు, మీ చేతిలోని పలకే సాక్షి. సింగరేణి బొగ్గు ఆ శిలీంధ్రాలు పుట్టాయన్న కాలం తరువాత ఏర్పడింది. శిలీంధ్రాలు వచ్చాక బొగ్గు ఆగిపోవాలంటే తెలంగాణలో ఇన్ని గనులు ఉండకూడదు.

ఇక మన వైపు. కార్బోనిఫెరస్‌లో మన భూభాగం దక్షిణాన, మంచు దగ్గర ఉండేది. గోదావరి లోయలో బొగ్గు పొరల కింద తాల్చిర్ అనే రాళ్లున్నాయి. ఒడిశాలోని తాల్చేరులో 1856లో మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు. కార్బోనిఫెరస్ చివర నుంచి పెర్మియన్ మొదటి వరకు హిమానీనదాలు ఈడ్చుకొచ్చి పడేసిన గుండ్రాళ్లు, ముద్దగా కలిసిపోయిన మట్టి, సూదుల్లా విరిగే ఆకుపచ్చ షేల్ అందులో ఉంటాయి. మే నెలలో ఆ రాళ్ల మీద నిలబడి "ఇక్కడ మంచు ఉండేది" అని చెబితే విద్యార్థులు నీళ్ల సీసా చేతిలో పట్టుకుని నవ్వేవారు. అందుకే మన దేశంలో కార్బోనిఫెరస్ మొక్కలు చూడాలంటే గోదావరి కాదు, హిమాలయాల్లోని స్పితి లోయకు వెళ్లాలి. అక్కడి పో శ్రేణి రాళ్లలో దొరికిన ఆకులను గోథాన్, బీర్బల్ సాహ్ని 1937లో వర్ణించారు. లెపిడోడెండ్రాన్ వనాలు అనుకుని వెళ్తే మాత్రం నిరాశే.

మంచు వెనక్కి తగ్గాక, ఆ చల్లని తడి నేలలను గంగమాప్టెరిస్, గ్లాసాప్టెరిస్ అనే మొక్కలు ఆక్రమించాయి. గ్లాసాప్టెరిస్ చెట్లు శీతకాలానికి ఆకులు రాల్చేవి. బోదెల్లో వలయాలు స్పష్టంగా ఉంటాయి. భూమధ్యరేఖ మీది కార్బోనిఫెరస్ చెట్లలో అలాంటి వలయాలు కనిపించవు, అక్కడ ఋతువుల తేడా అంతగా లేదు. రెండు బొగ్గులకూ ఇంత తేడా. మన బొగ్గులో బూడిద ఎక్కువ అని కరెంటు కేంద్రాల వాళ్లు మొత్తుకుంటారు. పీట్‌లోకి మట్టి, ఇసుక ఎక్కువగా కలిసిన ఫలితం అది. దక్షిణ ఖండాలన్నిటికీ గోండ్వానా అని పేరు వచ్చింది గోండుల నేల నుంచి, అంటే మన ఆదిలాబాదు గోండులది కూడా.

హైదరాబాదులోనే చూడాలంటే ఎక్కడ అని చివరలో అడిగారు. నగరం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, అందులో శిలాజాల కోసం సుత్తి పట్టుకుని తిరగకండి. బిర్లా సైన్స్ మ్యూజియంలో ఆదిలాబాదు యామన్‌పల్లి నుంచి తెచ్చిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. అది జురాసిక్‌ది, ఈ కథకు చాలా తరువాతిది. అయినా గోదావరి లోయ రాళ్లలో ఎన్ని కాలాలు ఒకదానిపై ఒకటి పేరుకున్నాయో అర్థం కావడానికి ఒకసారి చూడండి.

మీ పలకను సాయంత్రం కిటికీ దగ్గర పెట్టి, ఫోను టార్చిని పక్క నుంచి, దాదాపు రాయికి సమాంతరంగా వేయండి. ముఖం మీద నుంచి వేస్తే ఏమీ కనిపించదు. నీళ్లతో కడగకండి, షేల్ పొరలు ఊడిపోతాయి. నాలుక ఆకారంలో ఉండి, మధ్యలో స్పష్టమైన నడి ఈనె, దాని నుంచి వల అల్లినట్టు చిన్న ఈనెలు కనిపిస్తే అది గ్లాసాప్టెరిస్. వల ఉండి నడి ఈనె లేకపోతే గంగమాప్టెరిస్ కావచ్చు. పక్కన నిలువు గీతలతో కణుపులున్న కాండం ముక్క కనిపిస్తే సంబరపడి కలమైటిస్ అనకండి. మన బొగ్గు రాళ్లలో అది షైజోన్యూరా లేదా ఫిల్లోథీకా అయి ఉండాలి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి పంపండి, అలాగే ఆ పలక ఏ బావిలో, ఏ పొర పైకప్పు నుంచి పడిందో మీ మేనమామ గారిని అడిగి రాయండి. ఆయనకు గుర్తుంటుంది, గనిలో పనిచేసినవారు పైకప్పును మరచిపోరు.